శ్రవణ ప్రదర్శన గదులు: సందర్శకుని సాక్ష్యానికి విలువ ఎంత?

ధ్వని కంటికి కనిపించదు, చేతికి అందదు, విన్న మరుక్షణం మిగలదు. అటువంటి దానిని గురించి మాటల్లో తీర్పు చెప్పడం సాహిత్య విమర్శకన్న సులభమైన పని కాదు. సంగీత కచేరీలను సమీక్షించే సంప్రదాయం మన పత్రికల్లో చాలాకాలంగా ఉన్నది. అయితే ఆ సంగీతాన్ని ఇంటింటికి చేర్చే యంత్రాల ధ్వనిని గురించిన విమర్శ పాశ్చాత్య దేశాల్లో అర్ధశతాబ్దికి పైగా పెరిగి, తనదైన పరిభాషను, తనదైన రచనారూపాలను ఏర్పరచుకొన్నది. ఆ రూపాల్లో ఎక్కువమంది చేపట్టినది హై-ఫై ప్రదర్శనలకు వెళ్ళివచ్చిన సందర్శకులు వ్రాసే అనుభవ కథనం. ఫలానా గదిలో ప్రవేశించారు, ఫలానా స్పీకర్లు విన్నారు, ఇట్లా వినిపించింది అని చెప్పే ఈ చిన్న నివేదికలు చూడడానికి సామాన్యమైనవి. కాని మానవుడు తాను విన్నదానికి ఎట్లా సాక్ష్యం చెబుతాడు, ఆ సాక్ష్యంలో విన్నదెంత, ఊహించినదెంత అనే మౌలికమైన ప్రశ్న వాటిలో దాగి ఉన్నది.

ఈ ప్రదర్శనలు జరిగే తీరు ముందుగా గమనించదగినది. లండన్‌లో 1956లో జరిగిన ఆడియో ఫెయిర్‌కు వాషింగ్టన్ హోటల్ వేదిక అయింది. యంత్రాన్ని సంతవంటి విశాలమైన శాలలో కాక, ఇంటి గదిని పోలిన గదిలో వినిపిస్తేనే కొనుగోలుదారు దానిని సరిగా అంచనా వేయగలడన్నది హోటల్‌ను ఎన్నుకోవడంలోని తర్కం. బ్రిస్టల్ నగరంలో ఏటా జరిగే ప్రదర్శన, అమెరికాలోని డెన్వర్‌లో 2004 నుండి 2019 వరకు జరిగిన రాకీ మౌంటెన్ ఆడియో ఫెస్ట్ కూడా ఈ పద్ధతినే అనుసరించాయి. జర్మనీలో 1982లో ఆరంభమైన 'హై ఎండ్' ప్రదర్శన సైతం చాలాకాలం ఫ్రాంక్‌ఫర్ట్ సమీపంలోని ఒక హోటల్‌లోనే జరిగింది. 2004లో మ్యూనిక్‌లోని ఎం.ఓ.సి. ప్రదర్శనశాలకు మారి, 2025 వరకు అక్కడ కొనసాగిన తరువాత, దాని తదుపరి వేదికగా వియన్నా నిర్ణయమైంది. హోటల్ ప్రదర్శనల్లో మంచాలు తీసివేసిన పడకగదులే శ్రవణశాలలవుతాయి. కిటికీలకు దళసరి తెరలు, మూలల్లో ధ్వనిని పీల్చే పలకలు, ఎదురుగా రెండు స్పీకర్లు, వాటి ముందు రెండు మూడు వరుసల కుర్చీలు: గది ఏదైనా దృశ్యం దాదాపు ఇదే.

పెద్ద సంస్థకు ఒక గదిలో వచ్చిన చెడ్డపేరు పెద్ద నష్టం కాదు. ఇద్దరు ముగ్గురు పనివారితో, ఒకే ఒక నమూనా మీద ఏళ్ళ తరబడి శ్రమించిన చిన్న తయారీదారు పరిస్థితి వేరు. ఆ మూడు నాలుగు రోజుల కోసం గది అద్దెకు తీసుకొని, బరువైన యంత్రాలను దూరం నుండి మోయించుకొని వచ్చిన ఆయన భవిష్యత్తు, లోపలికి వచ్చి పది నిమిషాలు నిలబడి వెళ్ళిన సందర్శకుడు వ్రాసే పది పంక్తుల మీద కొంతవరకు ఆధారపడుతుంది. ప్రదర్శనకు వెళ్ళే అవకాశం లేని దూరదేశపు పాఠకుడు కూడా ఆ పంక్తులనే నమ్ముకొంటాడు. కాబట్టి ఆ సాక్ష్యానికి నిలువగల ఆధారమేమిటన్న విచారణ అనవసరమైనది కాదు.

యంత్రధ్వనిని బహిరంగ పరీక్షకు పెట్టడం హోటల్ ప్రదర్శనలకన్న పాతది. థామస్ ఎడిసన్ సంస్థ తన డైమండ్ డిస్క్ ఫోనోగ్రాఫ్ ప్రచారానికి 1915 నుండి సుమారు ఒక దశాబ్దం పాటు 'టోన్ టెస్ట్' అనే కార్యక్రమాలను అమెరికాలో ఊరూరా నిర్వహించింది. గాయని వేదికపై యంత్రం ప్రక్కనే నిలబడి పాడేది. మధ్యలో ఆమె నోరు మూసుకొంటే యంత్రం పాటను కొనసాగించేది. దీపాలు ఆర్పివేసి, మళ్ళీ వెలిగించేసరికి గాయని వేదిక మీద లేకపోవడం చూసి సభికులు ఆశ్చర్యపోయేవారు. నేటి చెవికి ఆ రికార్డుల ధ్వని ఎంత సన్నగా, ఎంత దూరంగా వినిపిస్తుందో తెలిసినవారికి ఈ వృత్తాంతం విడ్డూరంగా తోస్తుంది. ఆ పరీక్షల్లో పాల్గొన్న ప్రముఖ గాయని అన్నా కేస్, తన గొంతును యంత్రం స్థాయికి తగ్గించి పాడినట్లు దశాబ్దాల తరువాత చెప్పింది. యంత్రం మనిషిని అనుకరించిందనుకొన్న సభలో నిజానికి మనిషే యంత్రాన్ని అనుకరించింది. సభికులు అబద్ధమాడలేదు. తమకు తోచినదే చెప్పారు. కాని తాము పోల్చుతున్న రెండింటిలో ఒకటి రెండవదానికి అనుగుణంగా దిద్దబడిందని వారికి తెలియదు.

తరువాతి కాలంలో ఈ పరీక్ష మరింత నిజాయితీని సంతరించుకొన్నది. వార్ఫ్‌డేల్ స్పీకర్ల నిర్మాత గిల్బర్ట్ బ్రిగ్స్, క్వాడ్ ఆంప్లిఫయర్ల నిర్మాత పీటర్ వాకర్ సహకారంతో 1954లో లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాలులోను, 1955లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులోను కళాకారుల ప్రత్యక్ష వాదనాన్ని, రికార్డు చేసిన వాదనాన్ని ఒకదాని వెంట ఒకటి వినిపించాడు. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ స్థాపించిన ఎ.ఆర్. సంస్థ ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే తంత్రీవాద్య బృందంతో ఇటువంటి పోలికలనే పలు నగరాల్లో నిర్వహించింది. ఆ సంస్థ న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో నడిపిన శ్రవణమందిరంలో ఏ వస్తువునూ అమ్మేవారు కారు. వచ్చినవారు కూర్చుని వినిపోవచ్చు. అమ్మకం లేని చోట వినడానికి, అమ్మేవాడు ఎదురుగా నిలుచున్న చోట వినడానికి మధ్య ఉన్న భేదాన్ని ఆ సంస్థ గుర్తించిందని భావించవచ్చు.

నేటి ప్రదర్శన గదిలో ప్రత్యక్ష గానం లేదు. పోలికకు సందర్శకుని జ్ఞాపకమే ఆధారం. ఆ జ్ఞాపకానికి మాటలు సమకూర్చినవారిలో ఇద్దరు ముఖ్యులు: 1962లో 'స్టీరియోఫైల్' పత్రికను ప్రారంభించిన జె. గోర్డన్ హోల్ట్, 1973లో 'ది ఆబ్సొల్యూట్ సౌండ్' పత్రికను స్థాపించిన హ్యారీ పియర్సన్. యంత్రాలను కొలిచే పరికరాల అంకెలకన్న వినేవాని చెవి ప్రధానమని వాదించి, హోల్ట్ శ్రవణానుభవానికి ఒక నిఘంటువువంటి పదకోశాన్నే కూర్చాడు. మైకు లేని వాద్యాలు నిజమైన స్థలంలో పలికే ధ్వనియే అన్ని యంత్రాలకు గీటురాయి అన్నది పియర్సన్ సిద్ధాంతం. ఈ ఇద్దరి ప్రభావం వల్లనే సామాన్య సందర్శకుడు సైతం స్పీకర్ల మధ్య ఏర్పడే 'ధ్వనివేదిక'ను, అందులో గాయకుడు నిలబడిన చోటును, ఆ వేదిక లోతును, ధ్వనిలోని పారదర్శకతను గురించి వ్రాయగలుగుతున్నాడు.

ఈ పరిభాషలో ఒక విశేషం ఉన్నది. దీనిలోని ప్రధానమైన మాటలు చాలావరకు కంటికి సంబంధించినవి. వేదిక, లోతు, పారదర్శకత, వెలుగు, చీకటి, అన్నిటికన్న ఎక్కువగా వాడబడే 'తెర తొలగినట్లుంది' అనే పోలిక: ఇవన్నీ చూపు నుండి అరువు తెచ్చుకొన్నవే. రెండు స్పీకర్ల మధ్య శూన్యంలో గాయని నిలబడినట్లు తోచడం స్టీరియో పద్ధతి సాధించిన అద్భుతం కనుక ఇది సహజమే. కాని ఈ దృశ్యాసక్తి వల్ల గాయని ఎక్కడ నిలుచున్నదన్న విషయానికి దొరికే స్థలం, ఆమె గొంతు ఎట్లా ఉన్నదన్న విషయానికి చాలా నివేదికల్లో దొరకదు.

ఈ సందర్భంలో 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో వెలసిన శార్ఙ్గదేవుని సంగీత రత్నాకరం గుర్తుకు రావడం సమంజసం. ఆ గ్రంథానికి విజయనగర కాలపు కల్లినాథుని వ్యాఖ్యతో పాటు రాచకొండ సింగభూపాలుని పేరిట ఉన్న వ్యాఖ్య కూడా లభిస్తున్నందున తెలుగు నేలతో దానికి సన్నిహిత సంబంధమున్నది. అందులో శార్ఙ్గదేవుడు కంఠధ్వనిని ఖాహుల, నారాట, బొంబక, మిశ్రకాలని నాలుగు విధాలుగా విభజించి, మధురం, కోమలం, గాఢం, శ్రావకం, ఘనం, స్నిగ్ధం మొదలైన 15 గుణాలను, రూక్షం, స్ఫుటితం, నిస్సారం మొదలైన 8 దోషాలను పేర్కొన్నాడు. ఎడతెగని ధ్వనికి తైలధార ఉపమానం, బోలు ధ్వనికి ఆముదపు కాడ ఉపమానం. నూనె ధార, ఆముదపు కాడ పల్లెటూరి పాఠకునికి సైతం స్పర్శతో తెలిసినవి. ఈ పదాలు ధ్వని శరీరాన్ని, దాని నునుపును, గరుకును, సాంద్రతను చెబుతాయి. శార్ఙ్గదేవునికి లౌడ్‌స్పీకర్ తెలియదు. అయినా బోలుగా పలికే స్పీకరు పెట్టెను వర్ణించవలసి వచ్చిన తెలుగు విమర్శకునికి 'నిస్సారం' అన్న శాస్త్రపదం చేతికి అందుబాటులోనే ఉన్నది. పాశ్చాత్య పరిభాష స్థలాన్ని చక్కగా చెప్పగలిగితే, మన పరిభాష నాదాన్ని చక్కగా చెప్పగలదు. పూర్తి సాక్ష్యానికి రెండూ అవసరమే.

మాటల సంగతి అట్లా ఉండగా, ఒకే గదిని గురించి ఇద్దరు సందర్శకులు పరస్పర విరుద్ధంగా వ్రాయడం ఈ నివేదికల్లో తరచు కనిపిస్తుంది. మంద్రస్థాయి బరువెక్కి తక్కిన సంగీతాన్ని ముంచివేసిందని ఒకరంటే, మంద్రమే లేదని మరొకరంటారు. పాఠకుడు ఇద్దరిలో ఒకరి చెవి మంచిది కాదనుకొంటాడు. భౌతికశాస్త్రం మాత్రం ఇద్దరూ నిజం చెప్పి ఉండవచ్చునంటుంది. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. గది పొడవు 4.2 మీటర్లయితే, ఎదురెదురు గోడల మధ్య ఏర్పడే మొదటి స్థిరతరంగం సుమారు 41 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. పాశ్చాత్య వాద్యబృందంలోని డబుల్ బాస్ అతి లావు తీగ పలికే స్వరం కూడా దాదాపు అదే. ఆ స్వరం పలికినప్పుడు గోడల దగ్గర ధ్వనిపీడనం గరిష్ఠంగా, సరిగ్గా గది నడుమ కనిష్ఠంగా ఉంటుంది. వెనుక గోడకు ఆనుకొని నిలబడినవానికి తీగ ఉరుములా వినిపిస్తే, మధ్య కుర్చీలో గౌరవంగా కూర్చోబెట్టిన అతిథికి అది దాదాపు వినిపించకపోవచ్చు. ఇద్దరి తీర్పులోను స్పీకర్ల వాటా కొంతే, గోడల వాటా ఎక్కువ. ఎక్కడ కూర్చున్నదీ చెప్పని నివేదిక ఈ కారణం వల్ల సగం విలువను పోగొట్టుకొంటుంది.

గదిలో ఉన్న జనం కూడా ధ్వనిలో భాగమే. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అర్థం కాని పరిస్థితి ఏర్పడినప్పుడు, దానిని చక్కదిద్దే బాధ్యత వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకునికి అప్పగించారు. ఆ శాలలో మాట ఆగిన తరువాత కూడా సుమారు 5.5 సెకన్ల పాటు ధ్వని మ్రోగుతూ ఉండేది. సమీపంలోని శాండర్స్ థియేటర్ నుండి కుర్చీల మెత్తలను రాత్రివేళల్లో మోయించి తెచ్చి, వాటి సంఖ్యను పెంచుతూ తగ్గిస్తూ, ధ్వని ఎంతసేపట్లో అణగిపోతున్నదో ఆయన కొలిచాడు. ఒక మనిషి సుమారు ఆరు మెత్తలంత ధ్వనిని పీల్చుకొంటాడని తేలింది. ఈ పరిశోధన ఆధారంగానే 1900లో బోస్టన్ సింఫనీ హాలు రూపొందింది. దీనిని ప్రదర్శన గదికి అన్వయిస్తే, ఉదయం తలుపు తీసిన వెంటనే ఇద్దరు విన్న గది, మధ్యాహ్నం ముప్ఫై మంది కిక్కిరిసిన గది ఒకటి కావు. నివేదికలో సమయాన్ని, జనాన్ని పేర్కొనడం అలంకారం కోసం కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

ఏ రికార్డు వినిపించారన్నది మరొక ముఖ్యాంశం. తమ యంత్రం బలహీనతలు బయటపడని రికార్డులనే ప్రదర్శకులు ఎన్నుకోవడం సహజం. అందువల్ల ఒక స్త్రీ కంఠం, ఒక గిటార్, కొంచెం తాళవాద్యం ఉన్న నెమ్మదైన పాటలు గది తరువాత గదిలో వినిపిస్తాయి. పెద్ద వాద్యబృందాలు, బృందగానాలు అరుదు. హై-ఫై అభిమానులు ఎంతో మెచ్చుకొనే రికార్డుల్లో భారతీయ సంబంధం గల ప్రసిద్ధమైనది 'ఎ మీటింగ్ బై ది రివర్'. రవిశంకర్ శిష్యుడైన విశ్వమోహన్ భట్ మోహనవీణను, అమెరికన్ సంగీతజ్ఞుడు రై కూడర్ స్లైడ్ గిటార్‌ను వాయించగా, కవిచంద్రన్ అలెగ్జాండర్ నడిపిన వాటర్ లిలీ అకౌస్టిక్స్ సంస్థ దానిని 1992లో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాలో ఒక ప్రార్థనామందిరంలో రికార్డు చేసింది. 1993లో విడుదలై, 1994లో గ్రామీ పురస్కారం అందుకొన్నది. అనేక మైకులను పెట్టి తరువాత కలిపే పద్ధతిని విడిచి, ఆలన్ బ్లమ్లైన్ 1930ల్లో రూపొందించిన జంట మైకుల పద్ధతిలో తీసిన ఆ రికార్డులో ప్రార్థనామందిరపు స్థలం కూడా వాద్యాలతో పాటు నమోదైంది. దానిని మంచి యంత్రంపై వింటే తీగల మెరుపు, తబలా చర్మపు స్పర్శ, ఆ మందిరపు గాలి ఎట్లా తోచేదీ అభిమానులు ఎంతో శ్రద్ధగా వర్ణిస్తారు. కాని ఆ ఇద్దరు కళాకారులు ముందస్తు సాధన లేకుండా ఒకరి పలుకును మరొకరు అందుకొన్న తీరు, మీండ్‌లో స్వరం నుండి స్వరానికి జారే నాదం ఎక్కడా తెగకుండా సాగిన తీరు ఆ వర్ణనల్లో అంతగా చోటు చేసుకోదు. యంత్రం మీండ్‌ను అతుకు లేకుండా చెప్పగలిగిందా అన్న ప్రశ్న, తబలా ఎంత వెనుకగా కనిపించిందన్న ప్రశ్నకన్న కఠినమైన పరీక్ష. శార్ఙ్గదేవుని తైలధార ఇక్కడ గీటురాయి కాగలదు.

అన్నిటికన్న బలమైన ప్రభావం వినడానికి ముందే ఉన్న జ్ఞానానిది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో స్పీకర్ల శ్రవణపరీక్షలను శాస్త్రీయంగా తీర్చిదిద్ది, తరువాత హార్మన్ సంస్థలో చేరిన ఫ్లాయిడ్ టూల్, తన సహచరుడు షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించాడు. ఆ సంస్థ ఉద్యోగులే అయిన 40 మంది, నాలుగు స్పీకర్లను ఒకసారి తెర వెనుక ఉంచగా, మరొకసారి కళ్ళెదుట ఉంచగా విని మార్కులు వేశారు. కళ్ళెదుట ఉన్నప్పుడు పెద్దవి, ఖరీదైనవి అయిన స్పీకర్లకు మార్కులు పెరిగాయి, చిన్నవాటికి తగ్గాయి. అంతకన్న ఆలోచింపజేసే విషయం మరొకటి ఉన్నది. స్పీకర్‌ను గదిలో మరొకచోటికి జరిపినప్పుడు ధ్వనిలో వచ్చిన మార్పును తెర ఉన్నప్పుడు స్పష్టంగా గుర్తించినవారే, తెర లేనప్పుడు అంతగా గుర్తించలేదు. తాము చూస్తున్నది ఏమిటో తెలిసిన మాత్రాన వారి చెవి కొంత పనిని మానుకొన్నది. వీరు ధ్వని వ్యాపారంలోనే ఉన్నవారు. తలుపు మీద సంస్థ పేరు, బల్లమీద ధర చీటీ చూసి లోపలికి వచ్చే సందర్శకుడు తాను ఇందుకు అతీతుడనని చెప్పుకోవడం కష్టం.

ఈ ఆధారాలను చూసి, సందర్శకుల అనుభవ కథనాలన్నీ వ్యర్థమని త్రోసిపుచ్చేవారు ఉన్నారు. కొలిచే పరికరం చెప్పినదే చాలునని వారి వాదం. అది మరొక చివరకు పోవడమే అవుతుంది. పరికరం యంత్రాన్ని కొలవగలదు కాని, ఒక పాట విని శ్రోత ఎందుకు కదలకుండా కూర్చుండిపోయాడో చెప్పలేదు. న్యాయస్థానంలో సాక్షి పొరపాటు పడగలడని సాక్ష్యాన్నే రద్దు చేయరు. సాక్షి ఎక్కడ నిలబడ్డాడు, వెలుగు ఎంత ఉన్నది, నిందితుడు ముందే తెలిసినవాడా అని ప్రశ్నిస్తారు. శ్రవణ సాక్ష్యానికీ అదే విధి. ఎక్కడ కూర్చున్నదీ, ఎంతమంది ఉన్నదీ, ఏ రికార్డు, ఎంత బిగ్గరగా, ఎంతసేపు విన్నదీ, యంత్రం పేరు ధరలు ముందే తెలుసునా లేదా అన్నదీ చెప్పిన పది పంక్తులు, ఇవేమీ చెప్పని పది పుటలకన్న విలువైనవి. ఈ జాతి రచనల్లో ఉత్తమమైనవి ఆ పనే చేస్తాయి. అవి ఒక గదిని ఉదయం, సాయంత్రం రెండుసార్లు వింటాయి, కుర్చీ మార్చి వింటాయి, తమ వెంట తెచ్చుకొన్న రికార్డును వినిపించమని అడుగుతాయి. గది అనుకూలించనప్పుడు ఆ దోషాన్ని తయారీదారు నెత్తిన వేయకుండా తీర్పును వాయిదా వేస్తాయి. ఈ వాయిదా వేయగల నిగ్రహమే విమర్శకునికి, కేవలం అభిప్రాయం గలవానికి మధ్య ఉన్న భేదం.

ఈ చర్చ భారతీయ శ్రోతకు దూరమైనదిగా కనిపించవచ్చు. కాని పియర్సన్ సిద్ధాంతాన్ని మన దేశానికి అన్వయించగానే ఒక చిక్కు ఎదురవుతుంది. మైకు లేని వాద్యధ్వని గీటురాయి అయితే, ఆ ధ్వనిని నేటి మన శ్రోత ఎక్కడ విన్నాడు? నగరాల సభల్లో కర్ణాటక గాత్రం, మృదంగం, సహజంగా మంద్రంగా పలికే వీణ సైతం స్పీకర్ల ద్వారానే చేరుతున్నాయి. తంబురా స్థానంలో విద్యుత్ పెట్టె శ్రుతి వేస్తున్నది. కచేరీలోనే యంత్రాన్ని విన్నవాడు, ఇంట్లో యంత్రం కచేరీలా పలికిందని మెచ్చుకొంటే, అది ఒక యంత్రం మరొక యంత్రాన్ని పోలిందని చెప్పడమే. అన్నా కేస్ వేదికపై జరిగినదే ఇక్కడ నిత్యకృత్యమైంది. మూలం తెలియని చోట నకలును ఎవరూ పరీక్షించలేరు.

దీని ఫలితం విలాసవంతుల గదులకే పరిమితం కాదు. ఆకాశవాణి, సంగీత నాటక అకాడమీ వంటి సంస్థల భాండాగారాల్లో గత తరాల విద్వాంసుల గానం భద్రపడి ఉన్నది. పాత టేపులను కొత్త రూపంలోకి మార్చేటప్పుడు ఏ గరగరను తొలగించాలి, ఏది వీణ తీగపై గోటి సహజ శబ్దమని వదిలివేయాలి అన్న నిర్ణయం చివరకు ఒక గదిలో కూర్చున్న ఒకరిద్దరి చెవుల మీదనే ఆధారపడుతుంది. ఆ చెవికి మూలధ్వని పరిచయం లేకపోతే, శుభ్రపరచడం పేరిట జీవం తొలగిపోయినా గుర్తించేవారుండరు. అందువల్ల సభలు, సంగీత కళాశాలలు ఏడాదికి కొన్నిసార్లైనా చిన్న గదిలో, మైకు లేకుండా, యాభై మందికి మించని శ్రోతల మధ్య వీణను, గాత్రాన్ని వినిపించే ఏర్పాటు చేయడం వ్యయసాధ్యమైన పని కాదు. నిజమైన తంబురా గుర్రం మీద నూలుపోగును సవరించగా తీగ పలుకు మారడం దగ్గర నుండి విన్న విద్యార్థి, రేపు ఏ ప్రదర్శన గదిలో ప్రవేశించినా, ఏ భాండాగారంలో కూర్చున్నా, తాను విన్నదానికి సాక్ష్యం చెప్పగలుగుతాడు.